మంగళవారం నాలుగున్నర దాకా ఏడుగురే

మొన్న బాపట్లలో క్షవరానికి కూర్చుని ఉంటే, దుకాణంలోని టీవీలో ఏదో దేశపు ఫుట్‌బాల్ క్లబ్బు మేనేజరును యజమానులు తీసేశారని వార్త వచ్చింది. ఆ పెద్దమనిషి తల వంచుకుని కారెక్కుతుంటే, నా తల పట్టుకున్నతను కత్తెర ఆపి, "ఏంటండీ బాబాయిగారూ, ఆడింది వాళ్ళయితే ఈయన్ని తీసేస్తారేంటి?" అని అడిగాడు. జవాబు చెప్పబోయి నవ్వేశాను, ఎందుకంటే ఆ క్షణంలో నా కళ్ళముందు నిలిచింది ఆ దొర కాదు, మా డ్రిల్లు మాస్టారు.

నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎనభైల నడుమ మన వైపు ఆట అంటే బాల్ బ్యాడ్మింటన్, లేకపోతే కబడ్డీ. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళను పనీపాటా లేక కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళ కింద జమకట్టేవారు. అలాంటి రోజుల్లో మా ఊళ్ళో ఒక క్లబ్బు ఉండేది. దానికి యజమానులు ముగ్గురు, ముగ్గురూ ఒకే రైసు మిల్లులో భాగస్తులు, వాళ్ళకు పెద్ద మా పెదనాన్న. గ్రౌండు వాళ్ళది, బోర్డు మీద పేర్లు వాళ్ళవి, జట్టు మాత్రం చర్చి స్కూల్లో డ్రిల్లు చెప్పే మాస్టారిది. ఆరేళ్ళ పాటు పొలాల్లో నాట్లు వేసేవాళ్ళనీ, నాలాంటి తిరుగుబోతు కాలేజీ వాళ్ళనీ ఏరుకొచ్చి తయారుచేసుకున్న జట్టు అది. ఉన్నది ఒకటే బంతి. సైకిల్ షాపులో దాని బ్లాడరుకు అతుకులు వేయించి వేయించి, అది తన్నిన వైపు తప్ప అన్ని వైపులకూ పోయేది. కొత్తది అడిగితే పెదనాన్న "ముందు గెలవండి మాస్టారూ, తర్వాత చూద్దాం" అనేవారు, గెలిచొస్తే "పాత బంతితోనే గెలిచారుగా!" అనేవారు.

ఆ ఏడాది వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాం. అసలే క్లబ్బంటే విసుగెత్తి ఉన్న యజమానులు మిల్లు వరండాలో కూర్చుని ఒక నిర్ణయానికొచ్చారు. తెనాలిలో రేపల్లె జట్టుతో ఒక కప్పు ఆట ఉంది, అదీ ఓడితే మాస్టారికి నమస్కారం పెట్టి, గ్రౌండులో బాల్ బ్యాడ్మింటన్ కోర్టులు వేయించేయాలి. మాస్టారు విని తలూపి, మర్నాటి నుంచి మమ్మల్ని గంట ముందు లేపడం మొదలుపెట్టారు, అంతే.

ఆట మంగళవారం సాయంత్రం నాలుగింటికి. పొద్దున్నే రైలెక్కి, తెనాలిలో దిగి, ఇడ్లీలు తిని గ్రౌండుకు చేరి, ఇక దిగడమే తరువాయి అనగా పెదనాన్న జేబులోంచి చిన్న పంచాంగం తీశారు. మంగళవారం రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. అసలే నాలుగు ఓటముల మీద ఉన్నాం, రాహుకాలంలో గీత దాటడానికి వీల్లేదని పట్టుబట్టారు. రిఫరీ ఏమో నాలుగింటికి దిగకపోతే గెలుపు రేపల్లెదే అంటున్నాడు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు చేతులు కట్టుకుని, చాలా నెమ్మదిగా, "అయ్యగారూ, ఈ రాహుకాలం మా చర్చివాళ్ళకి కూడా ఉంటుందాండి?" అని అడిగారు.

పెదనాన్న నిజంగానే ఆలోచనలో పడ్డారు. భాగస్తుల వైపు చూశారు, పంచాంగం తిరగేశారు, చివరికి "మీకేం లేదు లెండి" అని తేల్చారు. మా జట్టులో చర్చికి వెళ్ళేవాళ్ళు సరిగ్గా ఏడుగురు. ఏడుగురుంటే ఆట మొదలుపెట్టవచ్చు, పేర్లు ముందే రాసిచ్చాం కాబట్టి మిగతా నలుగురం తర్వాత దిగవచ్చు. రూల్సన్నీ మాస్టారికి బైబిలు వాక్యాల్లా కంఠతా వచ్చు.

అలా ఆ ఏడుగురూ పదకొండుమంది మీదికి వెళ్ళారు. పెదనాన్న పక్కన గీత బయట కూర్చుని ఆయన చేతిగడియారం చూస్తూ నేను గడిపిన ఆ అరగంటంత పొడుగైన అరగంట నా జీవితంలో మళ్ళీ రాలేదు. మాస్టారు చెప్పింది ఒక్కటే, దొరికిన బంతినల్లా గ్రౌండు పక్కనున్న పంట కాలువలోకి తన్నమని. అది కొట్టుకుపోవడం, వాళ్ళు గట్టు వెంట పరిగెత్తడం, రేపల్లె జనం శాపనార్థాలు, తెనాలి జనం ఈలలు! గోలులో నిలబడిన మాస్టారి బావమరిది మోకాళ్ళు దోక్కుపోయినా ఒక్క బంతినీ వెనక్కి పోనివ్వలేదు. నాలుగున్నర కాగానే పెదనాన్న "ఇక వెళ్ళండ్రా!" అని నా వీపు మీద ఒక్క చరుపు చరిచారు. తాజాగా ఉన్న కాళ్ళతో దిగినవాణ్ణి, రెండో సగంలో ఆ ఏడుగురిలో ఒకడు అందించిన బంతిని లోపలికి తన్నాను. ఒకటీ సున్నాతో గెలిచాం.

దండ నా మెడలో పడింది, కప్పు పెదనాన్న చేతికెళ్ళింది. ఆయన కనపడ్డ ప్రతివాడికీ, "చూశారా, వేళ చూసి దింపాను, గోలు పడింది!" అని చెప్పారు. మాస్టారు పక్కనే నిలబడి, "అంతా తమరి చలవేనండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తిరుగు రైల్లో ఆయన్ని నిలదీస్తే, వేరుశెనగకాయలు వలుచుకుంటూ, "గెలుపు వాళ్ళని పట్టుకెళ్ళనీరా. జట్టు మనకుందిగా!" అన్నారు. తనే గెలిపించాననుకునే క్లబ్బును ఏ యజమాని మూస్తాడు? ఆ తర్వాత వారంలోనే కొత్త బంతి వచ్చింది.

తొంభైలలో మాస్టారు రిటైరయ్యాక ఆ పని నాకిచ్చారు. మొదటి ఏడాదే రేపల్లె వెళ్ళి గెలిచొచ్చాం. అప్పుడంతా వాస్తు రోజులు, గ్రౌండు గేటు తూర్పుకు మార్పించినందుకే గెలిచామని యజమానులు సంబరపడుతుంటే, ఉండబట్టలేక నేను నలుగురిలో లేచి, "గోలు కొట్టింది గేటు కాదండీ, మేము!" అన్నాను. ఆ మాటకు క్లబ్బు రెండు నెలలు కూడా నిలవలేదు. మాస్టారు ఓడిపోతూ కూడా కాపాడుకొచ్చినదాన్ని నేను గెలిచి మరీ మూయించాను.

ఇప్పుడక్కడ కల్యాణ మండపం ఉంది, గోలు స్తంభాలుండే చోట కార్లు పెడుతున్నారు. క్లబ్బు మూసేసిన రోజు ఈ మాట చెప్పడానికి తల వేలాడేసుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన కాఫీ ఇప్పించి, కుర్చీ దగ్గరకు లాక్కుని, "అది సరే, రేపల్లెలో గోలు ఎలా పడింది, మొదట్నించీ చెప్పు" అన్నారు. ఎవరు గెలిచారో, ఎవరిని తీసేశారో చెప్పేవాళ్ళు ఇప్పుడు కోకొల్లలు, అలా కూర్చోబెట్టుకుని ఆట సంగతి అడిగేవాళ్ళే నాకు మళ్ళీ కనపడలేదు.