సముద్రం మీది సూర్యుడు

ఆరేళ్ల మా మనవరాలూ నేనూ సాయంకాలాలలో టాబ్లెట్‌లో చదువుల ఆట ఆడుకుంటాము. మొన్న ఆ ఆట తెరమీద ఒకవైపు కొండలను, మరొకవైపు సముద్రాన్ని చూపి, ఉదయించే సూర్యుణ్ణి తగినచోట ఉంచమన్నది. నాతో కలిసి యారాడ తీరాన తెల్లవారడం చూసిన పిల్ల, తడుముకోకుండా సూర్యుణ్ణి నీళ్లమీద నిలిపింది. తప్పన్నట్టు ఎర్ర గీత పడింది.

"తాతా, సూరీడు సంద్రంలోంచే కదేటి వత్తాడు?" అన్నది కళ్లనీళ్లు పెట్టుకుంటూ.

వంటింటిలోనుండి కోడలు, "అది సెప్పినట్టే కొండమీద పెట్టించీండి మావయ్యగారూ. స్టార్ వచ్చేత్తాది, పై ఆటకెళ్లిపోద్ది" అన్నది.

నేను చదివిన కావ్యాలు సైతం ఆ ఆట పక్షమే. వాటిలో సూర్యుడు తూర్పుదిక్కున పొడుపుకొండ మీదనే ఉదయిస్తాడు. నలభై ఏళ్లు బడిలో పిల్లలకు అదే పాఠం చెప్పాను. కిటికీ తెరిస్తే కనబడే సముద్రాన్ని ఒక్కనాడైనా సాక్ష్యానికి పిలువలేదు. ఆ తప్పు ఈ పిల్ల విషయంలో మాత్రం చేయదలచుకోలేదు.

"మనకా స్టార్ వద్దమ్మా. నువ్వు కళ్లారా చూశావు. మళ్లీ సముద్రం మీదే పెట్టు" అన్నాను.

"మళ్లీ తప్పంటాది తాతా!"

"అననీ."

పెట్టింది. ఎర్ర గీత పడింది. మళ్లీ పెట్టింది. నాలుగోసారికి ఏడుపు మాని, సూర్యుణ్ణి వేలితో నీళ్లమీదే అదిమిపట్టి, "నువ్వోసారి మా వైజాగ్ రా, సూపిత్తాను!" అని ఆ తెరనే గద్దించింది.

పై ఆటకు మేమింకా వెళ్లలేదు.