వంటింటి ఫ్రిజ్, షెడ్డు ఫ్రిజ్

కెల్విన్ ట్రెజైజ్ ఇంట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో వాలరూ అనే రేవు ఊళ్ళో, ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా అంతే. వంటింట్లోది ఇల్లాలిది, షెడ్డులోది మగవాడిది. వంటింటి ఫ్రిజ్ పాతబడితే షెడ్డుకి తరలి, బీరు సీసాలకి కాపలా కాస్తుంది. రేవులో గోధుమలు నిల్వచేసే సైలోల దగ్గర పనిచేసి రిటైరైన కెల్విన్‌కి, పెళ్ళయిన దగ్గర్నుంచి వంటింటి ఫ్రిజ్ తెరిచి తన చేత్తో ఏదైనా తీసుకున్నట్టు గుర్తు లేదు. ఆ అవసరం రాలేదు. ఏది కావాలన్నా గ్లెనిస్ తెచ్చి బల్ల మీద పెట్టేది.

చలికాలం మొదట్లో గ్లెనిస్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పోయిన మాట ముక్కలు ముక్కలుగా తిరిగొచ్చింది. రోగులు ఇంటికెళ్ళి తమ పనులు తాము చేసుకోగలరో లేదో చూసే అమ్మాయి ఒకతె ఉంది ఆసుపత్రిలో. పేరు టీగన్. ఆమె కెల్విన్‌ని కూర్చోబెట్టి చెప్పింది.

"మంగళవారం ఆవిడని ఇంటికి తీసుకొస్తాం, చూడ్డానికి. తనంతట తాను ఫ్రిజ్ తెరిచి ఒక కప్పు టీ పెట్టుకోగలిగితే చాలు, ఇంటికి పంపమని నేను చెప్తాను. లేదంటే వృద్ధుల ఆశ్రమంలో మంచం ఒకటి ఖాళీగా ఉంది."

"నేనున్నానుగా, టీ పెట్టివ్వడానికి."

"మీరు రేపు ఏ చేపలకో వెళ్ళారనుకోండి, అప్పుడో? ఆ రోజు మీరు చెయ్యి వెయ్యకూడదు, కెల్విన్."

"సరే," అన్నాడాయన. ఇలాంటి మాట విన్నప్పుడు గుండె కలుక్కుమనాలని ఆయనకి తెలుసు. కలుక్కుమనలేదు. కారు దగ్గరికి నడిచి, ఇంటికొచ్చి, వంటింట్లో ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు.

ఫ్రిజ్‌కి ఎడమ పక్కన గోడ, కుడి పక్కన వంటగట్టు. తలుపు బందులు గోడవైపు ఉన్నాయి, పిడి గట్టువైపు ఉంది. కెల్విన్ కుర్చీ ఒకటి లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడం చెయ్యి చాపాడు. పిడి అందడానికి ఒళ్ళంతా మెలి తిరగాల్సి వచ్చింది. పిడి ఎడమవైపుకి రావాలి. అంటే బందులు కుడివైపుకి మారాలి. చెయ్యడానికి ఒక పని దొరికింది.

పక్కింటి రెగ్ పాస్కో స్పానర్ల పెట్టెతోపాటు, మాంసం, బంగాళాదుంపలు కూరి భార్య కాల్చిన పేస్టీలు కూడా తెచ్చాడు.

"నీ ముఖం చూశావా? పేస్టీ తిను, లేకపోతే మా ఆవిడ నా ప్రాణం తీస్తుంది."

"తర్వాత తింటాలే. ఆ తలుపు పట్టుకో."

పైన గడ్డకట్టే అర తలుపు ఊడదీస్తే గాని కింది పెద్ద తలుపు ఊడిరాదు. కెల్విన్ ప్లగ్గు పీకి, లోపలి వస్తువులు బల్ల మీదికి చేర్చాడు. పైబందు మూత తీసి, స్క్రూలు విప్పాడు. రెగ్ చిన్న తలుపు ఎత్తి గోడకానించాడు. నడిమి బందు వచ్చింది. పెద్ద తలుపుని ఇద్దరూ కలిసి, నిద్రపోతున్న మనిషిని ఎత్తినట్టు ఎత్తి, దుప్పటి మీద పడుకోబెట్టారు. తలుపు లేని ఫ్రిజ్ లోపల అరలు పళ్ళూడిన నోరులా కనిపించాయి.

"ఒరే కెల్, పెళ్ళయ్యాక దీని లోపల చూడ్డం ఇదే మొదటిసారి కదూ?"

"అవును."

రెగ్ నవ్వడానికి సిద్ధపడి, ఊరుకున్నాడు.

బందులు అటువైపు బిగించి, పిడి ఇటు మార్చి, తలుపులెక్కించాక పెద్ద తలుపు ఒక మూల కుంగింది. కెల్విన్ రసమట్టం పెట్టి చూసి, పైబందు స్క్రూలు వదులు చేసి, రెగ్ భుజంతో తలుపు ఎత్తి పట్టుకోగా మళ్ళీ బిగించాడు. తలుపు తనంతట తాను మూసుకునేలా ఫ్రిజ్ ముందుకాళ్ళు తిప్పి కాస్త ఎత్తు చేశాడు. అయినా తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ పాత వైపుకే అలవాటు పడి, కొత్త బందుల దగ్గర నోరు తెరుచుకుంది. సందులో పెట్టిన పేపరు ముక్క లాగకుండానే జారి పడింది.

"వేడి చూపించాలి దానికి," అన్నాడు రెగ్. "మీ ఆవిడ జుట్టు ఆరబెట్టుకునేది ఉంటుందిగా."

పడకగదిలో సొరుగు తీస్తే ఉంది. దాని కొసకి నెరిసిన వెంట్రుకలు రెండు మూడు చుట్టుకుని ఉన్నాయి. కెల్విన్ వాటిని తియ్యకుండానే ప్లగ్గు పెట్టి, రబ్బరు మెత్తబడేదాకా ఊది, వేళ్ళతో సాగదీసి, తలుపు మూశాడు. ఈసారి పేపరు జారలేదు.

"పెళ్ళికూతురిలా ఉంది," అన్నాడు రెగ్.

కెల్విన్‌కి అది కేవలం తలుపులా ఉంది.

మంగళవారం వ్యాను వచ్చింది. చక్రాల కుర్చీలో గ్లెనిస్ లోపలికొచ్చింది. తన వంటిల్లంతా కళ్ళతో ఒకసారి తడిమి, సింకు దగ్గర ఆగి, భర్త వైపు చూసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంటింటి గుమ్మం వార నిలబడ్డాడు.

"మీ ఇష్టం గ్లెనిస్, తొందరేమీ లేదు," అంది టీగన్.

గ్లెనిస్ ఎడం చేత్తో చక్రం తోసుకుంటూ, ఎడం కాలితో నేలని తన్నుకుంటూ ఫ్రిజ్ ముందుకి వెళ్ళింది. పిడి చేతికందింది. తలుపు మెత్తగా తెరుచుకుంది. పాలడబ్బా తీసి పట్టుకుంది. గట్టు మీద పెడదామని కుడివైపు తిరిగేసరికి, తెరిచిన తలుపు గట్టుకీ ఆమెకీ నడుమ అడ్డంగా నిలబడి ఉంది.

ఆమె పాలడబ్బా అలాగే పట్టుకుని కూర్చుంది. తలుపు మూయాలంటే డబ్బా ఎక్కడైనా పెట్టాలి, డబ్బా పెట్టాలంటే తలుపు మూయాలి. చెయ్యి ఒక్కటే. ఒళ్ళో పెట్టుకోబోతే డబ్బా చచ్చుబడిన కాలి మీదుగా జారి నేలకి తగిలింది. పాలు కుర్చీ కిందికి పారాయి.

కెల్విన్ కదిలాడు.

"వద్దు కెల్విన్," అంది టీగన్ మెల్లగా.

గ్లెనిస్ పాల వైపు చూడలేదు, తలుపు వైపు చూసింది. "ఎవరు... చేశారు ఇది?"

"నేనే."

"ఎందుకు?"

"నీ ఎడం చేతికి అందుతుందని."

"ఇది... బీరు తీసి... తుంటితో మూసే ఫ్రిజ్... కాదు, కెల్." ప్రతి మాటకీ ఊపిరి తీసుకుంది. "వంటకి... అన్నీ తీసి... గట్టు మీద పెట్టాలి. ఎప్పుడైనా చూశావా... నేనెలా చేస్తానో?"

చూడలేదు.

టీగన్ నిట్టూర్చింది. "ఈ రోజుకి ఇది కుదరలేదనే నేను చెప్పాలి, గ్లెనిస్. ఆ మంచం మాత్రం ఎవరికోసమూ ఆగదు, ఆశ్రమం వాళ్ళు ఈ రోజే జవాబు అడిగారు."

"ఆగు," అంది గ్లెనిస్. "ఇప్పుడే... మారుస్తాడు."

"వ్యాను వెళ్ళిపోవాలమ్మా."

"టీ తాగమను... డ్రైవర్ని. రెగ్‌ని పిలు, కెల్."

టీగన్ ఒక్క క్షణం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫోను చెవికి పెట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

రెగ్ పరిగెత్తుకొచ్చాడు. ఫ్రిజ్‌లోవన్నీ మళ్ళీ బల్ల మీదికి చేరాయి. ఈసారి పెత్తనం గ్లెనిస్‌ది. "బందు పిన్ను... జాగ్రత్త. స్క్రూలు... సాసర్లో వెయ్యి." తలుపు అటూ ఇటూ ఊగితే "మనుషులా, మేకలా?" అంది. రెగ్ "మేక వీడే తల్లీ, నేను సాయానికి వచ్చా," అన్నాడు. బందులు గోడవైపుకి వచ్చాయి, పిడి గట్టువైపుకి వచ్చింది. రబ్బరు మళ్ళీ మొండికేసింది. కెల్విన్ వేడిగాలి ఊదుతుంటే, గ్లెనిస్ దగ్గరికి జరిగి, బొటనవేలితో పట్టీని నొక్కి పట్టుకుంది. అన్నాళ్ళ తర్వాత వాళ్ళ చేతులు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వేడి తగిలింది ఆయనకి. అంతకుమించి ఏమీ తెలియలేదు.

రెగ్ నేల మీది పాలడబ్బా ఎత్తి తిరిగి ఫ్రిజ్‌లో పెట్టాడు. టీగన్ లోపలికి వచ్చింది. గ్లెనిస్ ఈసారి ఫ్రిజ్ ముందుకి పోలేదు. గట్టుకి ఎదురుగా కుర్చీ ఆపింది. ఫ్రిజ్ ఆమెకి ఎడమ పక్కన ఉంది, పిడి ఎడం చేతి పక్కనే ఉంది. లాగి, తలుపుని గోడవైపుకి తోసింది. మిగిలిన పాలు తీసి, ఎదురుగా గట్టు మీద పెట్టింది. కెటిల్ మీట నొక్కింది. టీ సంచీ కప్పులో వేసింది. నీళ్ళు కొంచెం ఒలికాయి. కప్పులోకీ పడ్డాయి.

టీగన్ తాగి చూసింది. "పంచదార తక్కువైంది," అంది. కళ్ళు తుడుచుకుని, "శుక్రవారం ఇంటికి పంపమంటాను," అంది.

రెగ్ కెల్విన్ వీపు మీద చరిచాడు. కెల్విన్ తలూపాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాడు. నేల మీద పాలు ఎండి జిగటగా ఉన్నాయి. బల్ల మీద ఫ్రిజ్‌లోంచి తీసినవన్నీ చెమట పట్టి ఉన్నాయి. ఆయన గుడ్ల అట్ట చేతిలోకి తీసుకుని తెరిచిన ఫ్రిజ్ ముందు ఆగిపోయాడు.

"ఇవెక్కడ పెట్టాలి?"

"తలుపులో. పైన," అంది గ్లెనిస్.

"వెన్నో?"

"దాని పక్కన. మూత... గట్టిగా పెట్టు."

ఆయన మూత నొక్కి, వెన్న అక్కడ పెట్టి, జామ్ సీసా తీసుకుని మళ్ళీ ఆమె వైపు తిరిగాడు.