బడి వరండాలో దయ్యం

ఉట్నూర్ దగ్గరి ఓ గూడెంలో బడి వరండాకు స్లాబు పోస్తున్నప్పుడు నేను వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. కింద ఆసరాగా నిలబెట్టిన కర్రలు మూడు వారాలు కదపొద్దని చెప్పి వెళ్లాను. వేరే పనికి కావాలని కాంట్రాక్టరు వారానికే పీకించాడు. దూలం పక్కన వెంట్రుకంత పగులు వచ్చింది. సుత్తితో కొడితే ఖాళీ డబ్బాలా మోగింది.

ఇంజనీరుకు ఫోన్ చేస్తే నవ్వాడు, నా కోతలు ఆయనకు కొత్త కాదు. “మొన్న పులి లిఫ్ట్ అడిగిందన్నవ్. గిప్పుడు స్లాబు మోగుతుందంటున్నవ్. జర పని చూసుకోరాదు!”

నిజం నమ్మలేదు కాబట్టి నాకు చేతనైన పని చేశాను. వరండాలో దయ్యం ఉందనీ, పిల్లలను పేరుపెట్టి పిలుస్తోందనీ బడిలో వంట చేసే అవ్వకు చెప్పాను. మర్నాటి నుంచి పిల్లలు వేపచెట్టు కిందే తిన్నారు.

వారం తర్వాత జోరువానలో వెళ్లాను. పిల్లలంతా వరండాలో పళ్లాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చుని ఉన్నారు.

“ఫికర్ చెయ్యకు సారూ,” అంది అవ్వ. “కాంట్రాక్టరే కోడిని కోయించిండు. దయ్యం పోయింది.”

పైకి చూశాను. పగుల్లో నా వేలు పట్టేలా ఉంది. సిమెంటు పొడి పళ్లాల్లో రాలుతోంది. లేవండని అరిస్తే పిల్లలు కిలకిలా నవ్వారు.

అన్నం గిన్నె ఎత్తుకుని వానలోకి పరుగెత్తాను. పిల్లలంతా కేకలేస్తూ నా వెంటపడ్డారు. అవ్వ మాత్రం స్లాబు కిందే నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది.