మట్టిలో పెట్టేసిన బొమ్మల కట్ట

బుజ్జమ్మా, నీ మీద కప్పిన మట్టి ఇంకా ఆరలేదు.

ఆ పేరుతో పిలిస్తే పలికేది మా అమ్మాయి. రాజోలు దగ్గర మా ఊరి మిషను బడిలో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్పే టీచరు. పచ్చకామెర్లు వచ్చి, పసర్లకి తగ్గక, అమలాపురం ఆస్పత్రిలో పోయిన నెల కన్నుమూసింది. పెళ్లి మాటెత్తితే "ఈ ఏడు మూడో తరగతి గట్టెక్కనియ్యమ్మా" అనేది. ఏటా అదే మాట.

నేను రెండో తరగతితో ఆపేసినదాన్ని. ఊడ్పులకి వెళ్లిన చేతులు నావి. కూడబలుక్కుని రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి. ఒక తప్పుని మాత్రం మన్నించమని అడగను. అది చెప్పుకోవడానికే రాస్తున్నాను. చెప్పుకున్నాక ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న మిమ్మల్ని ఒకటి అడుక్కోవాలి.

ఎమర్జెన్సీ రోజుల్లో అది బడిలో టీచరుగా చేరింది. మొదటి రోజు సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. "పుస్తకంలో మొదటి బొమ్మ ఆపిలమ్మా. ఇదేంటర్రా అనడిగితే ఒకడు బంతన్నాడు, ఒకడు టొమాటో అన్నాడు. చూడని కాయకి పేరెలా చెప్తారు? పెద్దబడికి వెళ్లేక మన పిల్లలు వెనక బల్లల్లో తలొంచుకు కూచుంటన్నారంటే ఎందుకు కూచోరు?" అంది.

ఆ రాత్రికి గోడమీద పాత క్యాలెండరు దిగిపోయింది. దాని వెనక తెల్లవైపు కొబ్బరికాయ వేసింది. మర్నాడు పీత. తర్వాత బాతు, గోదారి దాటే పంటు, కాలవ లాకులు. రంగులు కొనలేదు. బొగ్గుతో గీత, చిక్కుడాకు పిండితే పచ్చ, పసుపులో సున్నం కలిపితే ఎరుపు, బట్టల నీలిమందుతో నీళ్లు. వెనక అట్టముక్క పెట్టి మైదా జిగురుతో అంటించేది. మా ఇంట్లో ఏ మూల చూసినా అట్టలు ఆరుతూ ఉండేవి.

వస్తువులయ్యాక పనులు మొదలుపెట్టింది. కూచోడం, నుంచోడం, ఊడవడం, మొయ్యడం. వాటికి మనిషి కావాలి కదండీ. ఇంట్లో ఉన్న మనిషిని నేనే.

"కదలకమ్మా."

"కూర మాడిపోతందే."

"మాడనియ్యి. నీ నడుం వొంపు సరిగా రావట్లేదు."

"పొద్దున్నించి వొంగే ఉన్నాను కదే, ఇంకేం వొంపు కావాలి నీకు?"

అలా మా బడి పిల్లలకి కూర్చునేది నేను, నుంచునేది నేను, తినేది నేను, నిద్రపోయేది నేను. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కాలవగట్టు మీద వస్తుంటే పిల్లలు "క్యారీ మామ్మగారొస్తన్నారోయ్" అని అరిచేవారు. మోపు దించి కాస్త చతికిలబడితే "సిట్, సిట్" అని గంతులు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఊరంతటికీ నన్ను నవ్వులపాలు చేశావే" అంటే, "నవ్వితే నవ్వేరులే. మాట గుర్తుందా లేదా?" అనేది.

ఒకరోజు క్యారేజీ మర్చిపోయి వెళ్లిందని బడికి పట్టుకెళ్లాను. కిటికీలోంచి చూశాను. ఒక బొమ్మని ఎత్తి పట్టుకుని నుంచుంది. ఎదురుగా మూడో తరగతి పిల్ల ఒకత్తి, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. మా అమ్మాయి ఏమీ అనదు. తెలుగులో చెప్పదు. మాట అందించదు. అలా పట్టుకునే ఉంది.

పెద్దమాస్టారు వరండాలోంచి, "ఎంతసేపమ్మా అలాగా? అర్థం చెప్పేస్తే అయిపోను కదా" అన్నారు.

"ఆయ్, కాస్త ఆగుదామండి మాస్టారూ. దాని నోరు అదే తెరుచుకుంటుందండి."

తెరుచుకుంది. చీమంత గొంతుతో "బోట్" అంది ఆ పిల్ల. మా అమ్మాయి చెయ్యి దించి, ఏమీ కానట్టు మొహం పెట్టుకుని తర్వాత బొమ్మ తీసింది. కానీ ఆ పూట దాని మొహంలో వెలుగు నేను చూశాను. "మనం తొందరపడితే పిల్ల మాట మనం మింగేసినట్టమ్మా" అని చెప్పింది ఇంటికొచ్చాక.

దానికింకో పద్ధతి ఉండేది. శుక్రవారం బడి వదిలేటప్పుడు ఒక పిల్లకి ఒక బొమ్మ ఇచ్చి ఇంటికి పంపేది. ఆ పిల్ల వాళ్లమ్మకి ఆ మాట నేర్పాలి. నేర్చుకున్న తల్లి వంటింటి పసుపులో వేలు అద్ది బొమ్మ వెనక ముద్ర వెయ్యాలి. సోమవారం బొమ్మ తిరిగి రావాలి. మా పేటలో ఆడవాళ్లు వేలిముద్ర వేసేది ఏ కాగితం మీదో, ఎందుకో వాళ్లకే తెలియని చోట. తెలిసి వేసిన ముద్రలు ఇవేనేమో. ఒక్కో బొమ్మ వెనక పదీ పన్నెండు ముద్రలుండేవి.

ఆస్పత్రిలో డాక్టరుగారు "ఒంట్లో రక్తమే లేదు, ఈ అమ్మాయి తిండి తినదా?" అనడిగారు. "రోజూ క్యారేజీ ఖాళీగానే తెచ్చేదండి" అన్నాను. అది పోయాక మా ఇంట్లో జరిగిన ప్రార్థనకి, ఆదరణ కూడికకి, వచ్చిన పిల్లలు చెప్పారు. కోడిగుడ్డు, అరటిపండు, చేపముక్క చూపించి పేరడిగేదట. చెప్పినవాళ్లకి అది పెట్టేసేదట. "టీచరుగారు ఇంటికెళ్లి తింటాననేవారండి" అన్నారు. ఇంటికొచ్చి బళ్లో తిన్నానని నాతో అనేది. రెండుచోట్లా అబద్ధమాడింది నా తల్లి. ఖాళీ గిన్నెలు కడిగి సంతోషించాను నేను.

ఇప్పుడు నా తప్పు. మా వాళ్లు సమాధి పెట్టెలో బైబిలు పెడతారు. నేను బైబిలుతోపాటు బొమ్మల కట్ట కూడా తెచ్చాను. నా పాత చీర అంచుతో కట్టిన కట్ట. పాస్టరుగారు మెల్లిగా, "బడికి పనికొస్తాయేమో, ఒక్కసారి ఆలోచించుకోండమ్మా" అన్నారు. "ఇవి నా పిల్లవి. దాంతోనే పోతాయి" అన్నాను. నా బిడ్డ చేతులు తగిలిన కాగితం ఇంకొకళ్ల చేతిలో చూడలేననిపించింది. దాని గుండెల మీద పెట్టి నేనే మూత వేయించాను.

మట్టి చేసిన నాడు పెద్దమాస్టారు ఊళ్లో లేరు, తొమ్మిదో రోజున వచ్చారు. చెప్పులు బయట విడిచి, కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మగారండీ, ఆ బొమ్మలు ఒక్కసారి ఇప్పించాలండి. కొత్తావిడ పుస్తకం తీసింది. పిల్లలు మళ్లీ నోరు కట్టేసుకున్నారండి" అన్నారు. నేను సమాధుల దొడ్డి వైపు చెయ్యి చూపించాను. ఆయనకి అర్థమైంది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమే సమాధుల దొడ్డికి పరిగెత్తాను. పాస్టరుగారి కాళ్లు పట్టుకున్నాను, తవ్వించమని. "అలా చెయ్యకూడదమ్మా" అని ఆయనా ఏడ్చారు. మీకు తెలుసు, మాది రెండు మూరలు తవ్వితే నీళ్లూరే నేల. ఆ సాయంత్రం వాన కూడా పట్టుకుంది. చిక్కుడాకు పచ్చ, నీలిమందు, ఆ తల్లుల పసుపు ముద్రలు అన్నీ నానిపోతున్నాయని తెలిసి, పైన నేను మట్టి మీద కొంగు పరిచి పడుకున్నాను. ఆపగలిగిందేమీ లేదు. దాని ఆయుష్షు జబ్బు తీసుకెళ్లింది, దాని పదేళ్ల కష్టాన్ని నేను తీసుకెళ్లి పాతిపెట్టాను. ఇది నన్ను అన్నం ముట్టనివ్వలేదు. ఎవరు కలిపి పెట్టినా గొంతు దిగలేదు.

పోయిన ఆదివారం ప్రార్థన అయ్యాక మా గుమ్మంలో ఒక పిల్ల నుంచుంది. ఆనాడు "బోట్" అన్న పిల్ల చెల్లెలు, ఇప్పుడు మూడో తరగతి. జాకెట్టులోంచి ఒక అట్ట తీసింది.

"శుక్రవారం నాకిచ్చేరండి. సోమవారం టీచరుగారు రాలేదండి. వచ్చేక ఆరి చేతికే ఇద్దామని దాచేనండి."

నేను తింటున్న బొమ్మ. కంచం ముందు కూర్చుని, ముద్ద నోటిదాకా ఎత్తి ఉన్నాను. దాన్ని గీసినరోజు "ఆ ముద్ద మింగెయ్యకే అమ్మా" అని అరగంట కూచోబెట్టింది. వెనక పదకొండు పసుపు ముద్రలు. పదకొండోది ఈ పిల్ల తల్లిది.

లాక్కోబోయాను. ఆ పిల్ల ఇవ్వలేదు. రెండడుగులు వెనక్కి వేసి, బొమ్మని ఎత్తి నాకెదురుగా పట్టుకుంది. ఏమీ అనలేదు. మాట అందించలేదు. ఎత్తిన చెయ్యి దించలేదు. అచ్చం నా పిల్ల నుంచున్నట్టే నుంచుంది. ఎంతసేపో తెలీదు.

"ఈట్" అన్నాను.

"ఆయ్" అంది ఆ పిల్ల. పొయ్యి మీది గిన్నె తనే దించి, అన్నం పెట్టి నా ముందుంచింది. మళ్లీ బొమ్మ ఎత్తి పట్టుకుని, నేను ముద్ద ఎత్తేదాకా దించలేదు. ఏడుస్తూనే తిన్నాను.

ఆ ఒక్క బొమ్మ ఇప్పుడు బడిలో ఉంది. మిగతావి లేవు. నుంచోమంటే నుంచుంటాను, మొయ్యమంటే మోస్తాను, నా నడుం వొంపు అలాగే ఉంది. గీసే చెయ్యి ఏదీ?

అందుకని అడుక్కుంటున్నాను. దాని దగ్గర చదువుకున్న పిల్లలు పి.గన్నవరం నుంచి ఓడలరేవు దాకా ఉన్నారు. సోమవారం తేవడం మర్చిపోయిన బొమ్మ ఏ చూరులోనైనా, ఏ పెట్టె అడుగునైనా ఉంటే బడికి చేర్చండి. రంగు పోయినా పరవాలేదు, చినిగినా పరవాలేదు. వెనక పసుపు చూస్తే నేను గుర్తుపడతాను. ఒకటి చూడనిస్తే చాలు, పిల్లలు చూసి గీసుకుంటారు.

ఇవ్వడానికి వస్తే భోజనం వేళకే రండి. రాలేకపోయినా సరే, మీ ఇంట్లో మీరు వేళ దాటనివ్వకుండా కడుపునిండా అన్నం తినండి.