గుట్ట వెనక గంటలు

జహనుమాలో మా ఇంటి నుంచి ఫలక్‌నుమా స్టేషన్‌కు నడకే. ఇత్తడి గంటల మూట భుజాన వేసుకుని పొద్దున ఏడు దాటాక షాద్‌నగర్ వైపు వెళ్ళే బండి ఎక్కాను. బేగంబజార్‌లో మా దుకాణానికి గొర్రెల గంటల కోసం వచ్చే మల్లయ్య, "ఒక్కసారన్న మా మేత బీళ్ళు సూడవా సేటూ" అని ఏళ్ళుగా పిలుస్తున్నాడు. ఈసారి పిలుపులో దిగులుంది. ఆ భూమి ఖాళీగా పడి ఉందని, గుంతలు తవ్వి మొక్కలు నాటాలని ఎవరో అర్జీ పెట్టారట. ఆ రోజే ఒక అధికారి చూడటానికి వస్తున్నాడు. మొక్కలు నాటితే మంచిదే కదా అనుకుంటూనే బయలుదేరాను.

బండి కుదిపినప్పుడల్లా మూట మోగుతోంది.

"ఏ గుడికి సేట్, గిన్ని గంటలు?" అన్నాడు ఎదుటి సీటులోని పెద్దమనిషి.

"గొర్రెలకు భాయ్," అన్నాను. నమ్మినట్టు లేడు.

షాద్‌నగర్‌లో ఇడ్లీ తిని ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళేవాళ్ళు నీళ్ళు ఇక్కడే నింపుకోండి, ఆపైన దుకాణం లేదు.

బీడు దగ్గర మల్లయ్యతో పాటు సుజాత ఉంది. పక్షులను కాపాడే సంస్థలో పనిచేస్తుంది. మొదట్లో గొర్రెలు గుడ్లు తొక్కుతున్నాయని మందను రానివ్వద్దందట. మల్లయ్య మస్తు లొల్లి చేశాడట. ఇప్పుడు తీతువు గుడ్లు కనబడితే కాపరులే చుట్టూ రాళ్ళు పేరుస్తున్నారు.

"గొర్లు మేస్తెనే గడ్డి పొట్టిగుంటది, పిట్టలు దిగుతయి. మేం మూసిపెట్టిన జాగల ఒక్కటి దిగలే," అంది సుజాత.

రాళ్ళ నడుమ మట్టిరంగు గుడ్లు చూసి ముచ్చటేసింది.

అధికారిని తీసుకురావడానికి సుజాత రోడ్డు మీదకు వెళ్ళింది. ఈలోపు మల్లయ్య కొత్త గంటలు కట్టి, మందను గుట్ట వెనక్కి తోలించాడు. పెద్దసారు వచ్చేసరికి జాగా సాఫుగా ఉండాలట. చుట్టాలొస్తున్నారంటే మనం చిరిగిన చాపలు దాచమూ, అలాగ.

అధికారి వచ్చి నాలుగు దిక్కులా చూశాడు. "జీవాలు మేస్తయన్నరు. ఒక్కటి లేదు. ఖాళీ జాగనే కద."

సుజాత ముఖం పాలిపోయింది. మల్లయ్య తల దించుకున్నాడు.

అప్పుడు గుట్ట అవతల ఒక గంట మోగింది. వెంటనే ఇంకోటి. ఆ తర్వాత అన్నీ.

"గదేంది?" అన్నాడు అధికారి.

"మా గొర్లే సార్. మీరొస్తున్నరని దాసిన."

"దాసుడేంది బాపూ, పిలువు," అంది సుజాత, నవ్వాలో ఏడవాలో తెలియక.

మల్లయ్య కేక వేశాడు. మంద గుట్ట దిగి వచ్చింది. గుడ్ల చుట్టూ పేర్చిన రాళ్ళ దగ్గరకు రాగానే ముందున్న గంట గొర్రె పక్కకు తిరిగింది, మిగతావన్నీ దాని వెనకే తిరిగాయి. అధికారి వంగి ఆ గుడ్లను చాలాసేపు చూశాడు.

"గుంతలొద్దు. మేత భూమి అనే రాస్త," అన్నాడు.

ఒకప్పుడు కొట్లాడుకున్న ఆ ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉంటే నాకు కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. బయలుదేరేటప్పుడు మల్లయ్య అరిగిపోయిన పాత గంట ఒకటి నా సంచిలో వేశాడు.

తిరుగు బండిలో అది మోగితే పక్కనున్న ఆమె కాళ్ళు పైకి తీసుకుని సీటు కిందికి తొంగి చూసింది.

"గొర్రె ఏది, అన్నా?"

"దాని జాగల అది మేస్తున్నదమ్మా," అన్నాను.