రాతలు చెరిపి అమ్మిన పుస్తకం

నేను కాలేజీ లైబ్రరీ అటెండరుగా రిటైరైంది మార్చి నెలాఖరున. అదే ఏడాది జూన్ మొదటి వారంలో, బొల్లారంలోని మా ఇంటి ముందు గదిలో, పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మే పని మొదలుపెట్టాము. మేము అంటే నేను, నా కోడలు కవిత. ఫోన్ పని ఆమెది, పుస్తకం పని నాది. ఇప్పుడు చెప్పేది రెండో నెలలో జరిగిన సంగతి. నేను చెబుతుంటే కవితే రాస్తోంది.

ముందు నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. మా ఆయన అదే కాలేజీలో ఆఫీసు అటెండరు. ఆయన పోయాక కారుణ్య నియామకం కింద నన్ను తీసుకుని లైబ్రరీలో వేశారు. నేను చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, అంకెలు బాగా తెలుసు, సంతకం చేస్తాను. ఇంగ్లీషు రాదు. లైబ్రరీ అటెండరుకు అది లేకపోయినా నడుస్తుంది. పుస్తకం వీపు మీద అంటించిన నంబరు చూసి దాని అరలో దాన్ని పెట్టాలి, అంతే. నేను పెట్టిన పుస్తకం కోసం ఎవరూ వెతుక్కోవాల్సి రాలేదు.

పిల్లలు తిరిగిచ్చిన పుస్తకం నేరుగా అరలోకి పోదు. ముందు నా బల్ల మీదికి వస్తుంది. పేజీలు చిరిగాయా, బొమ్మలు కోసుకున్నారా చూడాలి. తర్వాత పెన్సిల్ గీతలు, రాతలు తుడవాలి. దీనికొక పద్ధతి ఉంది. ఎడమ అరచేత్తో పేజీని అదిమి పట్టి, కుట్టు వైపు నుంచి బయటికి ఒకే దిక్కుకు రబ్బరు రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే కాగితం ముడతపడి చిరుగుతుంది. రాలిన పొట్టును గడ్డం గీసుకునే బ్రష్‌తో ఊడ్చేయాలి. నా బల్ల మీద నుంచి లేచిన పుస్తకం మళ్లీ కొత్తగా కాలేజీలో చేరినట్టు ఉంటుందని మా లైబ్రేరియన్ మేడమ్ అనేది.

ఆ చెయ్యితోనే వ్యాపారంలోకి దిగాను. మారేడ్‌పల్లి, యాప్రాల్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కవిత మెసేజ్ పెట్టేది. ఇల్లు మారేవాళ్లు, సున్నాలు వేయించుకునేవాళ్లు పిలిస్తే నేను ఆటోలో వెళ్లి సంచుల్లో తెచ్చేదాన్ని. సంచిలో వేసే ముందు ప్రతి పుస్తకంలో లైబ్రరీ ముద్ర కోసం చూసేదాన్ని. లైబ్రరీలు మొదటి పేజీలోనే కాదు, లోపల ఎక్కడో ఒక పేజీలో కూడా ముద్ర వేస్తాయి. దొంగిలించినవాడు మొదటి పేజీ చింపుతాడు గానీ లోపలిది మరిచిపోతాడు. అలాంటిది మా గడప లోపలికి రాదు.

ఆ పరీక్ష అయ్యాక కవిత నాలుగు ఫొటోలు తీసి యాప్‌లో పెట్టేది. ముందు అట్ట, వెనక అట్ట, అచ్చు వివరాలున్న పేజీ, లోపలి పేజీ ఒకటి. ఆర్డరు వస్తే ప్యాకింగ్ నాది. ప్యాక్ చేసే ముందు పుస్తకాన్ని నా పద్ధతిలో తుడిచేదాన్ని. ఈ సంగతి కవితకు చెప్పలేదు. దాచాలని కాదు. బియ్యం వండే ముందు కడిగామని ఎవరికైనా చెబుతామా?

జూలైలో ఒక నర్సింగ్ పుస్తకానికి ఆర్డరు వచ్చింది. మనిషి ఒంట్లో ఏది ఎక్కడ ఉంటుంది, ఏం పని చేస్తుంది అని చెప్పే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. పేజీ పేజీకీ పెన్సిల్ రాతలే. రెండు పూటలు కూర్చుని తుడిచి, అట్టకు మెరుగు పెట్టి పంపాను. నాలుగో రోజు పొద్దున కవిత ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అత్తమ్మా, ఆ నర్సింగ్ పుస్తకం కొన్నామె వాపస్ పెట్టింది. ఫొటోల ఒక పుస్తకం చూపిచ్చి పార్సిల్‌ల ఇంకోటి పంపిన్రు అని రాసింది."

"గదే పుస్తకం కదనే పంపింది. ఇంకో నర్సు పుస్తకం మనింట్ల ఏడుంది?"

కవిత యాప్‌లో పెట్టిన లోపలి పేజీ ఫొటో తెరిచి చూపించింది. "గీ పేజీ నిండ పెన్సిల్ రాతలున్నయి. పంపినప్పుడు ఉన్నయా?"

"ఎట్లుంటయి? కూసొని తుడిచిన. అద్దం లెక్క చేసి పంపిన."

కవిత తల పట్టుకుంది. "అద్దం లెక్కనే చేసినవ్. గందుకే ఆమెకు ఆమె మొఖం తప్ప ఏం కనిపిస్తలేదట."

తల పట్టుకోలేదు, నవ్వానంతే అంటోంది కవిత ఇది రాస్తూ. పట్టుకుంది.

రాతలు తుడిచి ఇస్తే కంప్లైంటా, ఆ పిల్లకు మతి ఉందా అని నేను ముందు గట్టిగానే అన్నాను. అప్పుడు కవిత ఆ ఫొటోను పెద్దది చేసి చదివింది. ప్యాంక్రియాస్ అనే ఇంగ్లీషు మాట నెత్తిన ఇలా రాసి ఉంది: "పొట్ట వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇది అలిగితే షుగర్." తెలుగులో, గుండ్రంగా. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. తెలుగు నేను చదవగలను. రెండు పూటలు ఆ రాతల మీద చెయ్యి ఆడించాను, అవి తెలుగని కూడా చూడలేదు. రబ్బరు పట్టుకున్న చేతికి అక్షరాలు కనిపించవు, గీతలే కనిపిస్తాయి.

కొన్న అమ్మాయి పేరు రేవతి. యాప్రాల్‌లో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఈ సబ్జెక్టు ఒకసారి తప్పింది, మళ్లీ పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది. పైసలు వాపస్ ఇస్తామని కవిత మెసేజ్ పెడితే, పైసలు వద్దు, రాతలు కావాలి అని జవాబు పెట్టింది.

నేను చీర మార్చుకుని చెప్పులేసుకున్నాను.

"ఏడికి అత్తమ్మా? ఆన్‌లైన్ అంటే కొన్నోళ్ల ఇంటికి వోవుడు కాదు. జెర ఆగు, అడగనీ."

అడిగింది. ఐదు దాటాక హాస్టల్ గేటు దగ్గరికి రమ్మంది రేవతి.

గేటు దగ్గర పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడింది. "తుడిచింది మీరేనా ఆంటీ?"

"నేనే బిడ్డా."

"ఎంత మంచిగ తుడిచిన్రు. ఒక్క ముక్క సుత మిగల్లే."

మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. ఫోన్‌లో అర్థాలు చూసుకోవచ్చు కదా అని అడిగాను.

"ప్యాంక్రియాస్ అని చూస్తే క్లోమం అని వస్తది ఆంటీ. క్లోమం అంటే ఏందో నాకు ఎరుకైతే ఫోన్ ఎందుకు చూస్త?"

అర్థం ఒకసారి తలకెక్కితే ఇంగ్లీషు తానే బట్టీ పడతానంది. ఈసారి కూడా తప్పితే చదువు మాన్పించి బట్టల షాపులో పనికి పెడతానని వాళ్ల నాన్న చెప్పాడట. ఆ మాట నవ్వుతూనే చెప్పింది, కానీ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

నేను పుస్తకం తీసుకుని సాయంత్రం ఎండకు పేజీని ఏటవాలుగా పట్టాను. ఇది లైబ్రరీలో నేర్చుకున్నదే. గట్టిగా ఒత్తి రాసిన పెన్సిలును తుడిస్తే నలుపు పోతుంది గానీ కాగితంలో గాడి మిగులుతుంది. ఈ పుస్తకంలో గాళ్లు ఉన్నాయి. రేవతి కళ్లు చిట్లించి చూస్తే ఐదు అక్షరాల్లో రెండు దొరికాయి. అది చాలదు. రాసిన మనిషే కావాలి.

ఆ మనిషి ఇల్లు నాకు తెలుసు. మారేడ్‌పల్లిలో గ్రేసమ్మ మేడమ్. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ. ఈ పుస్తకం ఉన్న సంచి నేనే ఆమె ఇంటి నుంచి మోసుకొచ్చాను. మర్నాడు మధ్యాహ్నం రేవతిని తీసుకుని వెళ్లేసరికి వరండాలో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది.

"ఏవమ్మా సత్తెమ్మా, మళ్లీ వచ్చావేంటి? చర్చి పాటల పుస్తకం ఒక్కటే మిగిలింది. అది మాత్రం ఇవ్వను."

"మేడమ్, మీ పుస్తకంల రాతలన్నీ చెరిపేసిన. తప్పయింది."

మేడమ్ కళ్లద్దాలు జారిపోయేలా నవ్వింది. "ఎనిమిదేళ్లు రాశాను కదే తల్లీ! రెండు పూటల్లో తుడిచేశావా?"

"రెండో పూట తొందరగనే అయింది మేడమ్."

రేవతి నా కాలు తొక్కింది.

అక్కడ ఇంకో చిక్కు వచ్చి పడింది. మేడమ్‌కు కంటి ఆపరేషన్ అయి వారమే అయింది. నెల దాకా చదవకూడదు, రాయకూడదు. నాకు ఇంగ్లీషు రాదు. రేవతికి ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, అర్థం రాదు. చివరికి మేడమే అంది: "డాక్టరు చదవద్దన్నాడు, రాయద్దన్నాడు. మాట్లాడద్దని మాత్రం అనలేదు. కూర్చోండి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం మూడున్నరకు పని మొదలయ్యేది. పడమటి ఎండ వరండాలోకి వచ్చే వేళ అది. నేను పేజీని వంచి పట్టి, గాడి ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించేదాన్ని. ఆ వేలి కింద ఉన్న ఇంగ్లీషు మాటను రేవతి పైకి చదివేది. మేడమ్ అర్థం చెప్పేది. రేవతి పెన్సిల్‌తో ఆ గాడి మీదే రాసుకునేది. గాళ్లు లేకపోతే ఈ పని సాగేది కాదు. ఏ మాట దగ్గర పిల్లలు తడబడతారో మేడమ్ ఎనిమిదేళ్లు చూసి అక్కడే రాసింది. మిగతా మాటల మీద టైం పోగొట్టుకోకుండా ఆ గాళ్లే మాకు దారి చూపించాయి.

మేడమ్ పద్ధతి ఒకటే. పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ మాట నీకు రానట్టే అనేది. గుండెలో వాల్వ్ అంటే ఏంటని రేవతి అడిగితే, సినిమా హాల్లో ఎగ్జిట్ గేటు అంది. బయటికి వదులుతుంది, వెనక్కి రానివ్వదు.

"మరి గది పాడైతే మేడమ్?"

"రక్తం వెనక్కి వస్తుంది. టికెట్ లేకుండా రెండో ఆట చూసినట్టు."

ఒక పేజీ అంచున నాకు పొడుగాటి గాడి దొరికింది. చాలా ముఖ్యమైనది అనుకున్నాను. రేవతి పేజీని అటూ ఇటూ వంచి కూడబలుక్కుంది: "పాలు... కొత్తిమీర... గ్యాస్ బుక్ చేయాలి." తల ఎత్తి, "గిది సుత రాసుకోవాల్నా మేడమ్?" అంది.

"రాసుకో, పరీక్షలో అడుగుతారు," అంది మేడమ్.

రెండు రోజులు మబ్బు పట్టి ఎండ రాలేదు. రేవతి ఫోన్ టార్చిని పేజీ పక్కన పడుకోబెట్టినట్టు పట్టింది. ఎండకన్నా అదే బాగా చూపించింది. కొన్ని చోట్ల గాడి ఉండేది గానీ, అప్పుడేం రాసిందో మేడమ్‌కే గుర్తొచ్చేది కాదు. అలాంటప్పుడు కొత్తగా చెప్పేది. రేవతి అర్థం కాలేదంటే మార్చి చెప్పేది, ఇంకా కాలేదంటే నన్ను లేపి నా డొక్క మీద చెయ్యి పెట్టి చూపించేది. నా లివరు ఎక్కడ ఉందో నాకు అలా తెలిసింది. రాత్రి అన్నం దగ్గర కవితకు చెప్పబోతే, తినేటప్పుడు వద్దు అత్తమ్మా అంది.

పన్నెండో రోజున మేడమ్ పని ఆపించింది. ఇంకా రెండు పాఠాలు మిగిలే ఉన్నాయి. "అవి వదిలేయ్. వచ్చినవి చదువుకో," అని పంపేసింది. పరీక్షకు అప్పటికి వారమే ఉంది. ఆ వారం నేను ఏ ఆర్డరూ సరిగ్గా ప్యాక్ చేయలేదు. ఒకరి పుస్తకం ఇంకొకరి కవరులో పెట్టబోతే కవిత పట్టుకుంది.

సెప్టెంబరులో రేవతి ఫోన్ చేసింది. పాసైంది. మార్కులు గొప్పవేం కావు, కానీ షాపు సంగతి వాళ్ల నాన్న ఎత్తడం లేదట. ఆ రోజే మా దుకాణానికి యాప్‌లో ఐదింటికి నాలుగు చుక్కలు ఇచ్చింది. ఐదోది ఎందుకియ్యలేదని కవిత అడిగితే, అది రాతలు చెరిపినందుకు కోసేశానంది. పుస్తకాన్ని మళ్లీ మా ద్వారా అమ్ముతుందేమో అని కవిత ఆశపడింది. కానీ హాస్టల్లో జూనియర్లు దాని కోసం అప్పటికే వంతులు వేసుకున్నారట.

తర్వాత మా పద్ధతి మార్చాము. లోపలి పేజీ ఫొటోలు ఇప్పుడు మూడు తీస్తాము. రాతలుంటే అవి ఏ భాషలో ఉన్నాయో, పెన్సిలా పెన్నా అన్నది కవిత కింద రాస్తుంది. ఆర్డరు వచ్చాక, ప్యాక్ చేసే ముందు, రాతలు ఉంచాలా తుడవాలా అని మెసేజ్ పెడుతుంది. ఎక్కువమంది ఉంచమంటారు. ఒకాయన మాత్రం బొమ్మలకు పెట్టిన మీసాలు తుడిచి మిగతావన్నీ ఉంచమన్నాడు. అలాగే చేశాను. మీసాలకు సగం పూట పట్టింది.

లైబ్రరీలో పుస్తకం మీద ముందువాళ్ల గుర్తు మిగలకుండా చేయడం నా ఉద్యోగం. ఆ ఉద్యోగం నేను బాగా చేశాను, అందులో నాకు సందేహం లేదు. అమ్మే పని వేరు. పాత పుస్తకం కొనేవాళ్లలో కొందరు పుస్తకం కోసం కొంటారు, కొందరు దాన్ని ముందు చదివిన మనిషి కోసం కొంటారు. ఎవరు ఎందుకు కొంటున్నారో పుస్తకం చూస్తే తెలియదు. అడగాలి. అది నేర్చుకోవడానికి నాకు ఒక పుస్తకం, పన్నెండు సాయంత్రాలు పట్టాయి.