నాచారంలో నా వెన్నుపూసలు

పోయినేడు నీళ్ల బకెట్ ఎత్తబోతే నా మణికట్టు విరిగింది. నాకు పుట్టుకతోనే తలసీమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ ముప్పై ఏళ్లు లాక్కొచ్చాను. ఎముకలు గుల్లబారడం ఈ జబ్బు వెంట వచ్చే బాధల్లో ఒకటి. "ఎముకలు గట్టిపడేదాకా బండి ముట్టుకోవద్దు" అన్నారు డాక్టరమ్మ. ఇంజెక్షన్, గోలీలు, షేర్ ఆటోలతో ఏడాది గడిచింది. గట్టిపడ్డాయో లేదో తేల్చే డెక్సా స్కాన్‌కు మళ్లీ నాచారమే వెళ్లాలి. పోయినేడు తీసిన యంత్రం మీదే తీస్తేనే పోలిక కుదురుతుందట.

ఎనిమిదింటికి అమ్మా నేనూ చెంగిచెర్లలో బస్సెక్కాం. అమ్మకు ఉచితం, నాకు టికెట్. ఆ గెలుపును ఆమె ఉప్పల్ దాకా అనుభవించింది.

"ఎటు పోతున్రు?" అని పక్క సీటు పెద్దమ్మ అడిగింది.

"మావోని బొక్కలు సూపియ్యనీకి" అంది అమ్మ.

"గింత పిల్లగానికా?"

"సూసేటందుకే గట్లున్నడు, ముప్పయేండ్లు!"

ఉప్పల్‌లో రోడ్డు దాటే వంతెన మెట్లు చూసి లిఫ్టు ఎక్కాను. అవతల షేర్ ఆటో దొరికింది. తొమ్మిదింబావుకల్లా నాచారంలో ఇడ్లీ తింటున్నాం. ఈ పరీక్షకు వచ్చేవాళ్లు టిఫిన్ మానక్కర్లేదు. ముందురోజు నుంచి కాల్షియం గోలీ మాత్రం ఆపాలి.

"అన్నా, నడుముకేమన్న ఉన్నదా?" అని స్కాన్ తీసే అతను అడిగాడు.

పోయినసారి లేదని అబద్ధమాడాను. మొలతాడుకు వెండి తాయెత్తు ఉంది. నాకు మొదటిసారి రక్తం ఎక్కించిన నాడు అమ్మ కట్టింది, విప్పితే ఊరుకోదు. ఈసారి దాచబుద్ధి కాలేదు. విషయం చెప్పి అమ్మను లోపలికి పిలిచాను. ఆమే ముడి విప్పి తాయెత్తును గుప్పిట్లో పెట్టుకుంది.

పది నిమిషాల్లో స్కాన్ అయిపోయింది. ఎముక గట్టిదనం చూపే అంకె పోయినేటి కన్నా తగ్గింది. ఏడాది మందులన్నీ నీళ్లపాలేనా?

అతను పాత చిత్రం తెరిచాడు. నడుము దగ్గర నాలుగో పూస మీద చిక్కుడు గింజంత తెల్లటి మచ్చ.

"ఇదేంది అన్నా? ఇది బొక్క కాదు గదా!"

తల దించుకుని నిజం ఒప్పుకున్నాను. తాయెత్తు వెండి కూడా ఆనాడు ఎముక లెక్కలో కలిసిపోయి అంకెను పెంచిందన్నమాట.

"ఫికర్ జెయ్యకు" అంటూ రెండు చిత్రాల్లోనూ ఆ పూసను వదిలేసి, మిగతా మూడింటినీ పోల్చాడు. పెరిగింది. కొంచెమే, అయినా పెరిగింది! అతని చెయ్యి పట్టుకుని ఊపేశాను.

పన్నెండింటికి డాక్టరమ్మ రిపోర్టు చూశారు. "అబద్ధమాడినందుకు ఇంకో ఏడాది ఆటోలెక్కించాలి నిన్ను" అని కసిరి, మందు పనిచేస్తోందన్నారు. దగ్గర దూరాలకు, నెమ్మదిగా, హెల్మెట్‌తో బండి నడపొచ్చన్నారు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీట్లు దొరికాయి. బోడుప్పల్ దాటేదాకా అమ్మ తాయెత్తును గుప్పిట్లో తిప్పుతూనే ఉంది. నాకన్నా ఆమెకే భయమెక్కువని నాకు తెలుసు.

"తాళంచెవి బియ్యం డబ్బాల ఉన్నది" అంది చివరికి. ఏడాదిగా నేను ఇల్లంతా వెతికిన బండి తాళంచెవి!

నేను మాట్లాడేలోపే మళ్లీ తనే అంది: "రేపు నేను ఎన్క కూసుంట. జర మెల్లగ నడుపు."